బురద దీపం కార్డు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి బతికేదాన్ని. పైగా మాటల్లోంచి కూడా దెయ్యాల్ని వెళ్లగొట్టిన మనిషికి కూతుర్ని. కాబట్టి ఇది చదివి, పాపం మతి పోయిందని నా మీద జాలిపడకండి.

మా నాన్న గజపతినగరంలో ఇంగ్లీషు మేష్టారు. రిటైరయ్యాక ఆయనకొక పిచ్చి పట్టుకుంది. పాత సైన్సు పుస్తకాల్లో, కావ్యాల్లో కనిపించి ఇప్పుడెవరూ వాడని ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు సేకరించడం. నిఘంటువు చూసి రాస్తే అది దొంగసొత్తు అనేవారు. డ్రాప్సీ అన్న పాత జబ్బు పేరుకి ఒక మంత్రసానిని అడిగి ‘ఒళ్లు నీరు పట్టడం’ అని రాసుకున్నారు. పొద్దు గుంకే వేళను చెప్పే గ్లోమింగ్‌కి ‘మునిమాపు’ ఒక గొర్రెల కాపరి దగ్గర దొరికింది.

ఒక్కో మాటకు ఒక్కో కార్డు. కింద రెండు గీతలు. ఒకటి ‘చెప్పినవారు’, రెండోది ‘విన్నవారు’. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, మాటను తిరిగి పలికి, "నేను సరిగ్గా విన్నానా?" అని రెండుసార్లు అడిగాకే పేర్లు రాసేవారు. స్వయంగా వినని మాట కింద తన పేరు ఎన్నడూ రాయలేదు.

చివరికి ఒక్క కార్డు ఖాళీగా మిగిలింది. ఇగ్నిస్ ఫాట్యుయస్. చిత్తడి నేలల మీద రాత్రిపూట కదిలినట్టు కనిపించే వెలుగు.

"కొరివి దెయ్యం అని రాసెయ్యండి నాన్నా" అన్నాను.

"అది అర్థం కాదే తల్లీ, భయం" అన్నారు.

భావనపాడులో రాములమ్మ అనే ముసలామె ఆ వెలుగును చూసిందని ఒక పాత శిష్యుడు ఆయనకు చెప్పాడు. అప్పటికే నాన్న మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. కారు మాట్లాడి తీసుకెళ్లమని నన్ను మూడుసార్లు అడిగారు. మూడోసారి విసుక్కున్నాను. ఒక్క మాట కోసం అంత దూరమా, ఎవరిచేతైనా ఫోన్లో అడిగించండి అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ వానాకాలంలోనే పోయారు.

అలా అన్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. వేసవి సెలవులు రాగానే ఖాళీ కార్డు బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. టెక్కలిలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. నేను వెళ్లేసరికి పట్టపగలు పదకొండు గంటలు. రాములమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. నేను వస్తున్నట్టు ఎవరూ ఆమెకు కబురు చెయ్యలేదు. ఆ వెలుగు గురించి అడిగాను.

"బురద దీపం. మాయమ్మ అలాగే అనీది" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "ఏటమ్మా, శివరాత్రి ఎల్లాక పెద్దాయనొచ్చి రాసుకెళ్లాడు గదా. ఇంకా ఎంతమందికి సెప్పాల?"

ఎవరా పెద్దాయన అన్నాను.

"పేరేటో తెల్దు. ఎడం సెవి ఇనబడదు, సెయ్యి అడ్డెట్టుకున్నాడు. సరిగ్గా ఇన్నానా, సరిగ్గా ఇన్నానా అని రెండుసార్లడిగి పానం తీసేసినాడు."

నాన్నకు ఎడమ చెవి వినబడదు. లోపల్నుంచి కోడలు వచ్చి, టీలో పంచదార వద్దన్నాడని కూడా చెప్పింది. నాన్నకు షుగరు. ఫోన్లో ఫొటో చూపించాను. ఈయనే అన్నారు ఇద్దరూ. ఎలా వచ్చాడని అడిగితే, నడిచే వచ్చాడన్నారు.

శివరాత్రికి నాన్న పోయి ఆరు నెలలు.

"మళ్లీ రమ్మను, రొయ్యలొండి పెడతాను" అంది రాములమ్మ. ఆయన లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏడుపొచ్చేసింది. కంట్లో ఇసక పడిందని చెప్పి ఆటో ఎక్కాను.

తర్వాత అన్నీ ఆలోచించాను. ముసలామె పండగ పొరబడిందనుకుందామా? ఆమె సంగతి నాన్నకు తెలిసేసరికే ఆయనకు నడక లేదు. ఆ శిష్యుడిని అడిగాను, తాను ఎవర్నీ పంపలేదన్నాడు. నాన్న కార్డులు దాచుకున్న పెట్టె మొత్తం వెతికాను. బురద దీపం అని రాసిన కార్డు లేదు.

ఖాళీ కార్డు తీసి నేనే నింపాను. చెప్పినవారు, రాములమ్మ. ‘విన్నవారు’ దగ్గర పెన్ను ఆగిపోయింది. విన్నది నేను, నా చెవులతో. చివరికి నాన్న పేరు రాశాను.

ఆ పెట్టెలో అబద్ధం ఉన్న కార్డంటూ ఉంటే అదొక్కటే. అది అబద్ధమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.