పెన్‌డ్రైవ్‌లో కాకుల చప్పుడు

మా షాపు ముందున్న కరెంటు స్తంభానికి ఎవరో ప్లాట్ల ఫ్లెక్సీ కట్టారు. దాని వెనక ఇబ్రహీంపట్నంలో ఒక కంప్యూటర్ షాపు ఉందన్న సంగతి ఆ తర్వాత నాకూ, షాపు అద్దె తీసుకునేవాడికీ మాత్రమే తెలుసు. విప్పమని అడిగితే, "నీ షాపు యాడికి పోతదన్నా? ప్లాట్లు రేపటికుండవు" అన్నాడు కట్టినవాడు. ఎకరాలు గజాలైపోతున్న రోజులవి.

నేను దయ్యాల్ని నమ్మను. కంప్యూటర్లలో డిగ్రీ చేసినవాడికి వైరస్‌లు చాలు. ఇది జరిగాక కూడా నా అభిప్రాయం మారలేదు. కాకపోతే ఆ మాట ఇదివరకటికంటే కొంచెం మెల్లిగా అంటున్నాను.

ఒక సాయంత్రం స్వప్న అనే అమ్మాయి వచ్చింది. ముందు రోజే వాళ్లక్క మమత మన్నెగూడ దగ్గర లారీ కింద పడి చనిపోయింది. ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్తూ పోయింది. ఆమె బ్యాగులో దొరికిన పెన్‌డ్రైవ్‌ని స్వప్న బల్ల మీద పెట్టింది.

"అక్క ఫొటోలన్నీ దీంట్లనే ఉన్నయ్ అన్నా. దినాలకు పెట్టనీకి ఇంట్ల ఒక్కటి లేదు."

స్వప్నకూ ఆ ఏడే అదే కాలేజీలో సీటు వచ్చింది. ఇక పంపనని తండ్రి జంగయ్య తేల్చి చెప్పేశాడట. "ఒక బిడ్డను రోడ్డు మింగింది, ఇంకోదాన్ని నేనే ఎట్ల తోలుత అంటున్నడు" అంది, ఏడవకుండా.

పెన్‌డ్రైవ్ పెట్టాను. లైటు వెలిగింది, కంప్యూటర్ టింగుమంది. అంతే. వెనక పోర్టుకి మార్చాను, ఇంకో కంప్యూటర్‌లో పెట్టాను. అంతా తుడిచేసి ఫార్మాట్ చేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాను. ఆ ప్రశ్నకు అవుననేవాళ్లే నాకు గిరాకీ. రిపేరు కమాండ్ ఇస్తే, ఇందులో ఏమున్నాయో నాకే తెలియదన్నట్టు జవాబిచ్చింది. రేపు చూద్దామని దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

మర్నాడు షాపు తెరవగానే, పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ నడిపించి ఎదురుగా కూర్చున్నాను. పొద్దంతా సున్నా అనే చూపించింది. మధ్యాహ్నానికి ఒకే ఒక్క ఫైలు దొరికింది. ఫొటో కాదు, సౌండు. కొంచెం విన్నాను. కాకుల అరుపులు, గాలి. మమత పొలంలో సరదాకి రికార్డు చేసుకుందేమోననుకుని ఆపేసి, సీడీలోకి ఎక్కించాను.

సాయంత్రం తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. జంగయ్య గడప బయటే కూర్చున్నాడు. ఆ పొద్దున్నే మమత పేరున పిట్టకు పెట్టి వచ్చామని స్వప్న చెప్పింది. మూడో రోజున పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని ఒక్కొక్కరే వెళ్లి మాటిస్తారు.

మమత ఆకుని కాకి ఎంతకీ ముట్టలేదట. మేనమామ మాటిచ్చాడు. తల్లి ఏడ్చింది. చివరికి జంగయ్య ఒక్కడే వెళ్లి, ఆకు పక్కన కూర్చుని ఏదో గొణిగాడు. కాకి దిగింది.

"ఏం మాటిచ్చినవంటే చెప్తలేడు" అంది స్వప్న.

ఫొటోలు రాలేదని, ఏదో సౌండు మాత్రం దొరికిందని చెప్పాను. జంగయ్య లేచి లోపలికొచ్చాడు.

"గొంతన్న ఉన్నదా సారూ?"

పెట్టాను. కాకులు. గాలి. ఎక్కడో దూరంగా ఒక ఆడమనిషి ఏడుపు. తర్వాత చాలా దగ్గరగా, ఆకు అంచున చెవి పెట్టి విన్నట్టు, ఒక మగ గొంతు.

"ముట్టు బిడ్డా. చెల్లెను మాన్పియ్య. గా కాలేజీకే తోలుత. ఒట్టు. జర ముట్టు తల్లీ."

ఆ పైన రెక్కల చప్పుడు. అక్కడితో అయిపోయింది.

జంగయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "గిది పొద్దుగాల్ది. నేనన్నది ఎవ్వలకు ఇనవడలే" అన్నాడు, నాతో కాదు.

నాకు చేతనైనంతా ఆలోచించాను. ఎవరైనా ఫోన్‌లో రికార్డు చేశారా అంటే, ఆకు దగ్గర ఆయన తప్ప ఎవరూ లేరు. చేసినా, అది నా షాపులోకి ఎలా వస్తుంది? ఆ పొద్దంతా పెన్‌డ్రైవ్ నా కంప్యూటర్‌కే గుచ్చి, నా కళ్లెదుటే ఉంది. పెన్‌డ్రైవ్‌కి మైకు ఉండదు. అంతవరకు నా డిగ్రీ గ్యారంటీ ఇవ్వగలదు.

తర్వాత నాకంటే తెలిసినవాళ్లకి చూపించాను. చిప్పు పోయిందన్నారు. నేనడిగింది చిప్పు గురించి కాదు. సీడీ వాళ్లింట్లోనే ఉంది, మళ్లీ ఇమ్మని అడిగే ధైర్యం నాకు రాలేదు. దినాలకు కాలేజీ కార్డులోని ఫొటోనే పెద్దది చేసిచ్చాను. పెద్దది చేసేకొద్దీ మనిషి తగ్గిపోయింది. ఇన్నేళ్లయినా ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను.

ఆ సాయంత్రం స్పీకర్లు ఆగిపోయాక సీడీ తీసి స్వప్న చేతికిచ్చాను. జంగయ్య తల ఎత్తలేదు. స్వప్న అప్పుడూ ఏడవలేదు. తండ్రి వైపు తిరిగింది.

"పిట్టకు చెప్పినవ్ బాపు. నాకెందుకు చెప్పలే?"