సలోమి టీచరు కారు అద్దం కప్పు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో నా భార్యకు తెలియదు. దుకాణానికి వచ్చిపోయేవాళ్లకు తెలియదు. తెలియవలసిన ఇద్దరికీ అసలే తెలియదు. మీరెవరో నేనెరగను కాబట్టి మీతో చెప్పడం తేలికని అనుకోకండి. తేలికైతే ఇన్నేళ్లు పట్టేది కాదు. అయినా ఈసారి చివరిదాకా చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఖరిదా బజారు పక్కన నాకొక దుకాణం ఉంది. కార్లకు సీటు కవర్లు, అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ వేస్తాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న కూడా అక్కడే చేశాడు. నాకా ఉద్యోగం రాలేదు, ఈ పని నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదని మీకు అర్థం కావాలి, అందుకు.

ఎండలో వెలుతురు వేరు, వేడి వేరు. మామూలు నల్ల ఫిల్మ్ వెలుతురును ఆపుతుంది. లోపల నీడగా ఉంటుంది, కళ్లకు హాయిగా ఉంటుంది, మనిషి చల్లగా ఉందనే అనుకుంటాడు. వేడి మాత్రం చాలావరకు దిగుతూనే ఉంటుంది. పైగా ఆ నలుపు తానే కాగి, కింద కూర్చున్నవాళ్ల నెత్తి మీద సెగ విడుస్తుంది. వేడిని నిజంగా అడ్డుకునేది సిరామిక్ ఫిల్మ్. అదీ నల్లగానే దొరుకుతుంది. అతికించాక చూసి పోల్చుకోవడం నావల్ల కూడా కాదు. ఎండలో పెట్టి, కింద అరచెయ్యి ఆనించి చూడాలి. అరచెయ్యి మోసపోదు.

సలోమి టీచరు నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పారు. తప్పు చేసిన పిల్లవాణ్ణి కొట్టేవారు కాదు, మళ్లీ మొదటి నుంచి చెయ్యమనేవారు. ఆవిడ భర్త దానియేలు గారు వర్క్‌షాపులో ఫిట్టరు. మా తెలుగు చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. నేను హిందువును, అయినా క్రిస్మస్‌కు ఆయన పాట వినడానికే వెళ్లేవాణ్ణి. గొంతు ఎంత పెద్దదో, మనిషి అంత నెమ్మది. యాభై దాటాక ఆయనకు నరాల జబ్బు వచ్చింది. ఒంట్లో వేడి పెరిగితే చాలు, కాళ్లకు కబురు అందదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతాడు. చల్లబడితే మళ్లీ మామూలే. ఎండ తగలనివ్వకండి, అంతకుమించిన మందు లేదు అన్నాడట డాక్టరు.

ఆయన్ని తిప్పడానికే వాళ్లు కారు కొన్నారు. ప్రేమ్ బజార్ దగ్గర అద్దెకుండే ఒక ప్రొఫెసరు ఊరు వదిలి వెళుతూ అమ్మిన కారు. గేర్లు మార్చే పని లేదు, టీచరు నడపగలరు. సీటు ఎత్తు, ఆయన వంగకుండా ఎక్కగలరు. అన్నీ కుదిరాయి. ఒక్కటే చిక్కు. ఆ కారు పైకప్పు ముందు నుంచి వెనుక దాకా ఒకటే అద్దం. ప్రొఫెసరు ఆకాశం చూసుకోవడానికి ముచ్చటపడ్డాడేమో. దానియేలు గారికి మాత్రం అది నెత్తి మీద పొయ్యి.

టీచరు నా దగ్గరికే వచ్చారు. ఇంకెక్కడికి వెళతారు? సిరామిక్ ఫిల్మ్ ఈ ఊళ్లో నా దగ్గర తప్ప దొరకదని ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే. ఈస్టర్‌కు ఆయన పాడాలి, ఆలోపు వెయ్యాలి అన్నారు. తప్పకుండా వేస్తానన్నాను. కప్పుకు సరిపోయే ముక్క ఒకటే మిగిలింది, అది పక్కన పెట్టాను కూడా.

మర్నాడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ నుంచి ఒక ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. పెద్ద కారు, అలాంటి అద్దం కప్పే. దాదా, నీ పని గురించి చాలా విన్నాను అన్నాడు బెంగాలీలో. ఆ మాట నన్ను పడగొట్టింది. ఇతను మెచ్చుకుంటే పార్క్‌లో కార్లన్నీ నా దగ్గరికే వస్తాయనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా ఆలోచించలేదు. అలాంటి మనిషి నా పని చూసి తలూపాలి, అంతే కావాలనిపించింది. టీచరు కోసం దాచిన ముక్క అతని కారుకు వేశాను. కోల్‌కతా నుంచి కొత్త ఫిల్మ్ రోలు రెండు రోజుల్లో వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను.

రాలేదు. ఈస్టర్ వచ్చేసింది. రోలు రాలేదని టీచరుకు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆవిడ సరే నాన్నా అని వెళ్లిపోయేవారు, కారు అద్దం మీద తెల్లటి దుప్పటి పరిచి తంటాలు పడేవారు. అది కూడా మేలే. ఎందుకు చెప్పలేదు? మాట తప్పేవాడని అనిపించుకోవడం ఇష్టం లేక. మాట తప్పలేదనిపించుకోవడానికి మోసం చేశాను. మామూలు నల్ల ఫిల్మ్ తీసుకుని, ఒక్క బుడగ లేకుండా, ఒక్క దుమ్ము రేణువు లేకుండా, చాలా అందంగా వేశాను. ఆ పనితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

రోలు వచ్చాక మార్చేద్దామనే అనుకున్నాను. మూడు వారాలకు వచ్చింది. మార్చాలంటే కారణం చెప్పాలి. రోలు అటక మీద ఉండిపోయింది.

ఈస్టర్ ఆరాధన సూర్యుడు పొడవక ముందే. ఆయన నిలబడి పాడారు. టీచరు దుకాణానికి కేకు పట్టుకొచ్చి, నీ ఫిల్మ్ మహిమ అన్నారు. తిన్నాను. మే నెలలో ఒక ఆదివారం పట్టపగలు ఎండలో వెళ్లిన రోజున దానియేలు గారు చర్చి మెట్ల మీద పడిపోయారు. తర్వాత రెండుసార్లు దిగలేక కారులోనే ఉండిపోయారు. చలికాలంలో తేరుకున్నారు, అందరూ జబ్బు తగ్గిందనుకున్నారు. ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది.

ఆ ఏప్రిల్‌లోనే ఒక మధ్యాహ్నం టీచరు కారు తెచ్చి దుకాణం ముందు ఎండలో ఆపారు. లోపలికి రాలేదు. కారు పక్కనే నిలబడి నన్ను పిలిచారు.

"నాన్నా, ఈ ఫిల్మ్ ఒక్కసారి సూసి సెప్పు. బాగున్నాదా, పాడైపోనాదా?"

"ఏటైంది టీచర్?" అన్నాను.

"ఆయన కారెక్కినకాణ్ణించి నెత్తి కాల్తంది, నెత్తి కాల్తంది అంతారు. కారులో వేడుంటాదా అని డాక్టరుబాబు అడిగినారు. లేదండి, మంచి ఫిల్మ్ ఏయించినాం అని సెప్పినాను. అలగైతే అది నిజం కాదు, నరాలు సెప్పే అబద్ధం అన్నారు. ఈ జబ్బులో లేని మంట ఉన్నట్టు తెలుస్తాదంట."

డ్రైవరు పక్క తలుపు తీసి, సీట్లో కూర్చుని, కప్పుకు అరచెయ్యి ఆనించాను. కాలింది. ఆయన నెత్తి ఉండే చోట కూడా ఆనించాను, అక్కడా కాలింది. ఆవిడ నా ముఖంలోకి చూస్తున్నారు. అప్పుడు చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో తీరిపోయేది. చెయ్యి తీసి ప్యాంటుకు రాసుకున్నాను.

"ఫిల్మ్‌లో ఏ లోపం లేదు టీచర్," అన్నాను. "వేడి దీన్ని దాటి రాదు."

ఆవిడ తల ఆడించారు. "నువ్వు సెప్పినావంటే ఇంకేటి అనుమానం," అన్నారు. తర్వాత చాలా చిన్నగా, "అయితే ఆయనకే ముదిరిపోనాది," అన్నారు.

మొదటి తప్పు గొప్ప కోసం చేశాను. దానికి ఏవేవో సాకులు చెప్పుకోగలను. ఈ రెండోదానికి సాకు లేదు. చెయ్యి కాలుతుండగా చెప్పాను. ఒక మనిషి తన నెత్తి కాలుతోందని చెబితే, నిన్ను నువ్వు నమ్మొద్దని భార్య చేత, డాక్టరు చేత చెప్పించింది నేను. వాళ్లు ఆయనకు అబద్ధం చెప్పలేదు. నా అబద్ధాన్ని నమ్మి చెప్పారు.

ఆ తర్వాత ఆయన బయటికి రావడం మానేశారు. ఎండాకాలం పోయి వానలు వచ్చినా రాలేదు. ముదిరిన జబ్బుతో ఎవరికీ భారం కాకూడదనుకున్నారట. పాటల బృందాన్ని ఇంకొకరికి అప్పగించారు. మందు మోతాదు పెంచారని, ఆ మందుకు పగలంతా మగతగా పడి ఉంటున్నారని విన్నాను. వాళ్ల క్వార్టర్ ముందు నుంచి వెళ్లేటప్పుడు స్కూటర్ వేగం పెంచేవాణ్ణి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉంటే చూడాల్సి వస్తుందని.

జనవరిలో తెలిసింది, టీచరు కారు అమ్మేస్తారని, ఉద్యోగం కూడా మానేసి ఆయన దగ్గరే ఉంటారని. మర్నాడు ఫోన్ చేసి, ఆ ఫిల్మ్‌కు కాలం తీరింది, కంపెనీవాళ్లు ఊరికే మారుస్తున్నారు, అమ్మేముందు ఒక్కసారి తీసుకురండి అన్నాను. చూశారా, మంచి పని చేయడానికి కూడా అబద్ధమే ఆడాను. పాతది ఒలిచేసి అసలైన సిరామిక్ వేశాను. కింద లాగి మూసుకునే తెల్లటి తెర కూడా బిగించాను. ఎక్కే ముందు రెండు నిమిషాలు తలుపులు తెరిచి ఉంచాలని, ఏసీ చల్లబడ్డాకే ఆయన్ని ఎక్కించాలని చెప్పాను. ఎండాకాలం ఒక్కసారి తీసుకెళ్లి చూడండి, తర్వాత అమ్ముకోండి అన్నాను. ఆవిడ నా మాట విన్నారు. ఎప్పుడూ వింటారు.

ఆ మే నెలలో దానియేలు గారు పట్టపగలు చర్చికి వెళ్లి, తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చారు. మరుసటి ఆదివారం మళ్లీ. ఆ మరుసటి ఆదివారం మళ్లీ. జూన్‌లో ఆయన చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతారని నన్ను పిలిచారు. వెనుక బెంచీలో కూర్చున్నాను. ఆయన ముందుకొచ్చి, నా శరీరం రెండేళ్లు నాకు అబద్ధం చెప్పింది, దేవుడు తాకి దాన్ని బాగుచేశాడు అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. టీచరు ఏడుస్తున్నారు.

అప్పటి నుంచి నాకొక మంచి సాకు దొరికింది. నిజం చెబితే వాళ్ల విశ్వాసం దెబ్బతింటుంది, అంత సంతోషాన్ని ఎందుకు పాడుచేయాలి? ఈ మాట చాలాసార్లు చెప్పుకున్నాను, ప్రతిసారీ బాగానే వినిపించింది. ఎవరి విశ్వాసాన్ని కాపాడుతున్నాను? నా మీద ఉన్నదాన్నా? ఆవిడ దేవుణ్ణి నమ్మడానికి నా ఫిల్మ్ అక్కర్లేదు. ఊరు నన్ను నమ్మడానికే నా మౌనం కావలసి వచ్చింది. ఆయన పోగొట్టుకున్న రెండేళ్లను నేను తెచ్చివ్వలేను. కదలక కూర్చున్నందుకు సన్నబడిపోయిన కాళ్లు మళ్లీ మునుపటిలా కాలేదు. ఇప్పుడు కర్ర పట్టుకునే నడుస్తారు.

అలాగే ఉండిపోయేవాణ్ణేమో. పోయిన నెల బజారులో టీచరు కనిపించారు. ఒక పెళ్లికి వెళ్లారట. రేకుల షెడ్డు కింద భోజనాలు. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. దానియేలు గారికి ఒళ్లు మండిపోయింది. పక్కనే టీచరు ఉన్నారు, ఒక్క మాట అంటే బయటికి తీసుకెళ్లేవారు. ఆయన అనలేదు. లేచి నిలబడబోయి పడిపోయారు. మణికట్టు విరిగింది. ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే, ఆ మంట నిజం కాదులే, నరాలు సెప్పే అబద్ధమే అనుకున్నానన్నారట.

ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నా అబద్ధం ఎప్పుడో అయిపోయిందనుకున్నాను. కారు కప్పు మీద నుంచి ఒలిచిపారేశాననుకున్నాను. అది ఇంకా ఆయన ఒంట్లో ఉంది. ఒళ్లు మండినప్పుడల్లా నోరు మూసుకొమ్మని ఆయనకు చెబుతూనే ఉంది. ఈసారి మణికట్టుతో పోయింది. నేను మౌనంగా ఉంటే రేపు ఇంకేమవుతుందో.

అందుకే కూర్చుని రాశాను. ఇది మీరు చదివేసరికి వాళ్లిద్దరూ చదివేసి ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం, వాళ్లు చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక, ఈ కాగితాలు నా చేత్తోనే ఇస్తాను. మీరు చదివేదాంట్లో నా పేరు తీసేశాను. వాళ్ల కాగితం మీద నా పేరుంది, కింద సంతకం ఉంది. చదివినంతసేపూ ఎదురుగా కూర్చుంటాను. టీచరు ఏమంటారో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. దుకాణానికి ఇక ఎవరూ రాకపోవచ్చు. క్షమించమని ఎక్కడా రాయలేదు, నోటితోనూ అడగను. అడిగితే కాదనలేని మనుషులు వాళ్లు. ఆ భారం కూడా వాళ్ల మీద పెట్టలేను.

దానియేలు గారి కోసం మాత్రం ఒక్క మాట విడిగా, పెద్ద అక్షరాలతో రాశాను. చదవడం ఆపి ఆయన దాన్ని రెండోసారి చదవాలని నా కోరిక. కారులో ఆ రెండేళ్లూ నిజంగానే వేడిగా ఉంది. మీకు జబ్బు ముదరలేదు. మీ ఒళ్లు మీకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.