కాలు కింద పెట్టనివ్వని కోడలు

మిర్చి యార్డులో టిక్కీ, అదే మిరపకాయల బస్తా, మోసేవాడు కూడా నాలుగడుగులు వేశాక దాన్ని దించుకుంటాడు. నాకు దించుకునే చోటు దొరకలేదు. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. చెబుతున్నా భయంగానే ఉంది.

మాది అద్దంకి దగ్గర ఓ పల్లె. మిరప, పత్తి వేస్తాం. ఊళ్ళో నాకు మంచి పేరుంది. "కోడలంటే నువ్వేనమ్మా, అత్తని కాలు కింద పెట్టనివ్వవు" అంటారు. నన్ను చూపించి తమ కోడళ్ళను దెప్పుతారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను. ఎందుకంటే అది నిజం. నేనే పెట్టనివ్వలేదు.

మా అత్తయ్యకు కల్లమంటే ప్రాణం. డెబ్భై దాటినా తెల్లారేసరికి కొంగు బిగించి చేలోకి నడిచిపోయేది. ఎండబోసిన కాయల్ని కాళ్ళతో తిరగేసేది, కూలి ఆడవాళ్ళతో కూర్చుని తాలుకాయలు ఏరేది, పొద్దు గూకేదాకా లేస్తూ కూర్చుంటూ తిరుగుతూనే ఉండేది. తెల్లబడ్డ తాలుకాయ ఒక్కటి మంచికాయల్లో కలిసినా ఆమె కంటపడేది. ఎవరి చేటలోంచి వచ్చిందో కూడా చెప్పేది. చాలాసార్లు అది నా చేటే. "ఏమే, తాలుకాయేదో మంచికాయేదో ఇంకా తెలీదా నీకు?" అని అందరి ముందూ అరిచేది. కూలోళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఓ ఏడాది కాయలు ఎండే రోజుల్లో ఆమె కల్లంలో కాయలు ఆరబోసే పట్టా మీద జారి పడింది. గుంటూరు తీసుకెళ్ళాం. ఎముక విరగలేదు, మోకాలు బెణికింది. మా ఆయన మందులకు వెళ్ళినప్పుడు డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. వాపు తగ్గగానే నడిపించమన్నారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేయించమన్నారు. ఈ వయసులో కండ వాడకపోతే కరిగిపోతుందని, ఒళ్ళు కదులుతుంటే మెదడుకూ మేలని, కూర్చోబెట్టేస్తే కాళ్ళతోపాటు జ్ఞాపకశక్తి కూడా తొందరగా తగ్గొచ్చని విడమరిచి చెప్పారు. "ఆవిడ చేసే పని మాన్పించకండమ్మా, అదే ఆవిడకు మందు" అన్నారు. తలూపాను. నాకు అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేదు. అంతా అర్థమైంది.

బయట బల్ల మీద కూర్చున్న అత్తయ్య నన్ను చూడగానే అడిగింది.

"ఏమన్నాడే డాక్టరు?"

"కాలు కింద పెట్టొద్దన్నారు అత్తయ్యా."

"ఎన్నాళ్ళంట?"

"చెప్పలేదు. నడిస్తే మంచాన పడతారంట."

"అయ్యో, మరి కల్లం ఎవరు చూస్తారే?"

"నేనున్నాగా."

మా ఆయనకూ అదే చెప్పాను. ఆ ఒక్క పంటకే అనుకున్నాను, ఒట్టు. ఒక్క ఏడాది కల్లంలో నా మాట చెల్లాలని. అదేమన్నా పెద్ద కోరికా? మంచం వేశాను, కంచం మంచం దగ్గరికే తెచ్చాను, ఆమె లేవబోతే "వద్దొద్దు" అంటూ పరిగెత్తాను. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని "మా అమ్మ అదృష్టవంతురాలు" అన్నాడు. ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పు రుచి మరిగాను. మళ్ళీ పంట వచ్చింది. ఇప్పుడు నడవమంటే, అప్పుడెందుకు వద్దన్నావని అడుగుతారేమో? ఆ భయంతో ఆ పంటా గడిపేశాను. ఆ తర్వాతిదీ.

మొదట ఆమె కాళ్ళు పుల్లలయ్యాయి. తర్వాత మాటలు తప్పడం మొదలైంది. తిన్నదీ లేనిదీ మర్చిపోయింది, చివరికి కొడుకు పేరు కూడా. గుంటూరు వద్దని పట్టుబట్టి వేరే ఊళ్ళో చూపించాను. ఎందుకు పట్టుబట్టానో మీకు తెలుసు. అక్కడి డాక్టరు, ఇది ఎందుకొచ్చిందో ఖాయంగా చెప్పలేమని, రోజూ నడిచేవాళ్ళకూ వస్తుందని అన్నారు. ఆ మాట పట్టుకుని బతుకుదామని చూశాను. నడిపించి ఉంటే వచ్చేది కాదా? వచ్చినా ఇంత తొందరగా వచ్చేదా? ఎవరూ చెప్పలేరు. అదే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు నాకూ మోకాళ్ళ నొప్పులు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు రాకపోతే మళ్ళీ మళ్ళీ రుచి చూస్తాను. మొన్నీమధ్య మా కోడలు నా చేతిలో చేట లాక్కుని "మీరు కూర్చోండత్తయ్యా, నేనున్నాగా" అంది. పాపం, ప్రేమతోనే అంది. నేను మాత్రం కూర్చోలేదు.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు ధైర్యం చేశాను. అత్తయ్య చంకలో చెయ్యి వేసి, "లేవండి, రెండడుగులు వేద్దాం" అన్నాను. ఆమె బెదిరిపోయి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. నన్నెవరో కూలామె అనుకున్నట్టుంది.

"వద్దమ్మా, కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. మా కోడలు చెప్పింది. అది అబద్ధం చెప్పదు."

కొడుకు పేరు పోయింది. నా ముఖం పోయింది. నేను చెప్పిన అబద్ధం ఒక్కటి ఆమెలో మిగిలింది. చెయ్యి తీసేశాను. ఆమెకు దుప్పటి కప్పి అక్కడే నేల మీద కూలబడ్డాను.

ఇదీ సంగతి. మీకు చెప్పాను. మా ఆయన బండి చప్పుడు వినబడితే ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను. బరువు దిగలేదు. భుజం మార్చుకున్నంత తెరిపి మాత్రం ఉంది.