నాలుగు శీర్షికలు, ఏడు మేకలు

యుద్ధం ముగిసిన ఏడాది చలికాలంలో నన్ను గిద్దలూరుకు సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉండేది. సబ్ పోస్టుమాస్టరంటే పెద్ద దొర అనుకోకండి. ఒక గది, ఒక కిటికీ, ఒక పోస్టుమాను, చుట్టుపల్లెలకు టపా సంచి మోసే ఇద్దరు రన్నర్లు, అంతే నా రాజ్యం. అయినా ఆ కిటికీ వెనక కూర్చుంటే కలెక్టరుకు నేను ఒక్క మెట్టే తక్కువ అనిపించేది.

పొద్దున పాసింజరులో టపా వచ్చేది. సంచి మీది లక్క ముద్ర చెక్కుచెదరలేదని చూసుకుని, విప్పి, ఉత్తరాల మీద మా ఊరి తేదీ ముద్ర కొట్టి, పోస్టుమానుకు అప్పజెప్పాలి. మద్రాసు నుంచి ఊరికంతటికీ ఒకే ఒక్క దినపత్రిక వచ్చేది, కోటిరెడ్డిగారనే పెద్దరైతు పేరున. దాని నడుముకు ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది. దాన్ని తీసే హక్కు చందాదారుడిదే. నేను చింపేవాణ్ణి కాదు, కాస్త పక్కకు జరిపేవాణ్ణి. అప్పుడు మొదటి పేజీ శీర్షికలు మట్టుకు కనబడేవి. వాటిని కిటికీలోంచి గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. రూలుకు విరుద్ధమే, తెలుసు. కానీ అరుగు మీద అంతమంది చెవులు రిక్కించి నా నోటికేసి చూస్తుంటే రూలు ఎవరికి గుర్తుంటుంది!

ఆ రోజు శీర్షికలు నాలుగు. మేకల వల్ల అడవులకు ముప్పు: నిపుణుని హెచ్చరిక. మద్రాసులో పాల కటకట. రైళ్లకు అదనపు పెట్టెలు. లండనులో ఎముకలు కొరికే చలి.

అక్కడి జనానికి సర్కారు మాట చేరే తీరు ఒక్కటే. తలారి తప్పెట కొట్టి, తాలూకా కచేరీ హుకుంలోని అంశాలన్నీ వరసగా చెబుతాడు. అవన్నీ ఒకే పనికి సంబంధించినవై ఉంటాయి. ఇప్పుడు సర్కారు కిటికీలోంచి సర్కారు నౌకరు నాలుగు అంశాలు వరసగా చదివాడాయె. దుకాణం సుబ్బయ్య ఇవన్నీ ఒకే లంకెలోవేనా అని అడిగాడు. నాకు వేళాకోళం ఎక్కువ. లేకపోతే అన్నీ ఒక్క రోజే ఎందుకొస్తాయి అన్నాను.

మధ్యాహ్నానికల్లా హుకుం తయారైపోయింది. అడవిని పాడుచేస్తున్నాయి కనుక మేకలన్నిటినీ సర్కారు పట్టుకుపోతుంది. మద్రాసులో పాలు లేవు కనుక అక్కడికే తోలుతుంది. పెట్టెలు తగిలించింది అందుకే. పాలు వట్టిపోయాక వాటి తోళ్లు లండను దొరలకు కోట్లవుతాయి. పోతులకు పాలుండవు కదా, వాటిని వదిలేస్తారా అని ఒకడికి న్యాయమైన సందేహం వచ్చింది. చలికి తోలు చాలదా అని ఇంకొకడు తీర్చేశాడు.

మర్నాటికి ఈ పుకారు బేస్తవారిపేట దాకా పాకింది. ఒకాయన మేకను దేవుడి గూటి పక్కన కట్టేసి తలుపేసుకున్నాడు. ఇంకొకాయన స్టేషను మాస్టరు దగ్గరకు పోయి, ఆ పెట్టెల్లో మేత సర్కారే వేస్తుందా, మనమే కట్టివ్వాలా అని అడిగాడు. మా అరుగు మీద అర్జీలు రాసే ఆయనకు ఊపిరి సలపలేదు. 'మా మేక పుట్టి బుద్ధెరిగిన తర్వాత అడవి మొహం చూసి ఎరుగదని మనవి' అని ఒక అర్జీ. దాని మీద తేదీ ముద్ర నా చేత్తోనే కొట్టాను, నవ్వాపుకోలేక.

మూడోరోజు ఏడాదికోసారి జరిగే తనిఖీ. మా పైన ఉండే పోస్టల్ ఇన్‌స్పెక్టరు వచ్చి, ముద్రలూ రిజిస్టర్లూ ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఇంతలో కిటికీ దగ్గర మేకల అరుపు వినిపించింది. నల్లమల అంచు గూడెం నుంచి గురవమ్మ అనే ముసలామె ఐదు మేకలు తోలుకొచ్చింది. ఆమెకున్నవి ఏడనీ, జీవనాధారమంతా అవేననీ, నిన్ననే రెండిటిని స్టేషను దగ్గరి బేరగాడికి వచ్చిన ధరకు అమ్మేసిందనీ పోస్టుమాను నా చెవిలో చెప్పాడు.

"నాలుగు ఈ పొద్దే అమ్మేస్తా నాయనా. ఆ బుడ్డది ఒక్కటి నా కాడ ఉంచుకుంటే సర్కారు ఏమన్నా అంటాదా?"

అది హుకుం కాదంటే, మరి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఇన్‌స్పెక్టరు నా భుజం పక్కనే ఉన్నాడు. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది, దాచుకోను. అయినా ఉన్నదున్నట్టు చెప్పేశాను. అది కోటిరెడ్డిగారి పత్రిక అనీ, పట్టీ జరిపి చదివాననీ, లంకె సంగతి నేను ఎగతాళికి అన్నాననీ.

అరుగు మీద ఒక్కడూ నమ్మలేదు. పెద్దాఫీసరు పక్కనుండేసరికి మాట మారుస్తున్నాడనుకున్నారు. చివరికి పోస్టుమానును పంపి కోటిరెడ్డిగారి ఇంటి నుంచి ఆ నాటి పత్రిక తెప్పించాను. శీర్షికల కింద ఉన్నదంతా మొదటిసారి చదివాను. ఆ అడవులు సముద్రాల అవతల ఏదో దీవిలోవి. మద్రాసులో పాలవాళ్లు రెండు రోజులు పని మానుకున్నారు. పెట్టెలు ఎక్కడో తిరునాళ్లకు. లండను చలి లండనుదే.

గురవమ్మ చివరి దాకా విన్నది.

"ఇదంతా ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"కింద ఉన్నది నేను చదవలేదు అవ్వా."

"చదవకనే చెప్పినావా?"

తిట్టలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. ఐదింటినీ మళ్లించుకుని గూడెం దారి పట్టింది. నేను స్టేషనుకు పరుగెత్తాను గానీ, ఆ రెండూ ముందురోజు బండిలోనే వెళ్లిపోయాయి.

తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు మెమో రాస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "పట్టీ జరిపినందుకు రూలుంది, రాస్తున్నాను. ఆ రెండు మేకలకు రూలు లేదు." ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆగింది. దాని గురించి నాకేమీ ఫిర్యాదు లేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు చాలా ఊళ్లలో చాలా కిటికీల వెనక కూర్చున్నాను. కడదాకా చదవని కాగితం ఒక్కటీ ఎవరికీ చదివి వినిపించలేదు. హాస్యమాడాలనిపిస్తే లేచి అరుగు మీదికి వెళ్లి ఆడేవాణ్ణి. కిటికీలోంచి పలికితే అది నా మాట కాదు, సర్కారు మాట. దాన్ని నమ్మి మనుషులు ఉన్నవి అమ్ముకుంటారు.