బస్సు తోలనన్న మనిషి

ఆయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆయన వైమానిక దళంలో పైలట్‌గా చేసి, రిటైరై మా ఊళ్లోనే, సర్కండా పేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఎవరేం అడిగినా గడ్డం పైకెత్తి, వాళ్ల నెత్తి మీదుగా ఆకాశంలోకి చూసేవాడు. అక్కడ కాకులు తప్ప ఏమీ ఉండేవి కావు. మా రైల్వే కాలనీ వాళ్లు అదే గొప్పతనం అనుకునేవారు.

ప్రయాణికులకు ప్రైవేటు విమానాలు కొత్తగా మొదలైన రోజులవి. ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని, లైసెన్సు చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్నాను. పేపర్లో పడిన పైలట్ ఉద్యోగాల ప్రకటన కత్తిరించి పట్టుకెళ్లి, ఆయన్ని సలహా అడిగాను.

"ఏటోయ్, యుద్ధ విమానం నడిపినోడ్ని, బస్సు తోలడం గురించి నన్నేటడుగుతావు? ఆ కాగితం అక్కడ పెట్టి ఎల్లు, సూస్తాను" అన్నాడు.

పెట్టి వచ్చాను. చిరునామా ముందే రాసుకున్నాను కాబట్టి దరఖాస్తు నేనూ పంపాను.

ఢిల్లీలో ఇంటర్వ్యూ గది బయట, నా ముందు కుర్చీలో ఆయనే, కొత్త టై కట్టుకుని. "అచ్ఛా, నువ్వూ వచ్చావేటి?" అని చూపు పైకప్పు మీదికి ఎత్తేశాడు.

వేల గంటలు విమానం నడిపిన మనిషి ముందు నా రెండొందల గంటలు ఏపాటివో నాకు తెలుసు. ఆయన బయటికొచ్చాక, ఓడిపోవడానికి సిద్ధపడే లోపలికి వెళ్లాను. కానీ బోర్డులో పెద్దాయన నేను ఎగిరిన గంటలన్నీ రాసి ఉన్న లాగ్‌బుక్ తెరవనే లేదు. "మీ ఊరాయన్ని మీ గురించి అడిగాం లెండి" అని నవ్వి, దాన్ని నా వైపు తోసేశాడు.

ఉద్యోగం ఆయనకే వచ్చింది. ఉంచుకోమనండి.

అయ్యా, ఆ గదిలో నా గురించి ఏం చెప్పారు? ఆ ఒక్క ముక్క రాయండి.