బావ కంప్యూటర్లలో నేను వేసిన రెండో సిస్టమ్

పోయిన ఆదివారం మా అక్క కూతురు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, అశోక్‌నగర్‌లో నేనుంటున్న కిరాయి గదికి వచ్చింది. ఆఫీసు పనికి విండోస్ ఉండాలట, కొత్తగా నేర్చుకుంటున్నదానికి లినక్స్ కావాలట, రెండూ ఒకే దానిలో పెట్టించుకుందామని వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "మామా, నీకు గీ పని మా నాన్ననే నేర్పిండంట గద" అన్నది. ఎత్తిపొడుపు కాదు, ఇంట్లో విన్న మాట మంచి మనసుతో చెప్పింది, అంతే. నేను పెన్‌డ్రైవ్ గుచ్చి పని మొదలుపెట్టాను గానీ, అది పూర్తయ్యేదాకా నా మనసు నారాయణగూడలోని ఒక మేడ మీదనే తిరిగింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకోవడమంటే గడప బయట చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్ళినంత భయభక్తులతో చల్లటి గదిలోకి అడుగుపెట్టడం. మా బావ నారాయణగూడలో అటువంటి ఇన్‌స్టిట్యూట్ ఒకటి నడిపేవాడు. నేను చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి. అమ్మ నా చిన్నతనంలోనే పోతే అక్కే నన్ను పెంచింది, తన పెళ్ళయ్యాక కూడా పొద్దున్నే బావ చేతికి నా టిఫిన్ డబ్బా ఇచ్చి పంపేది, అందుకని బావ ఇచ్చిన ఉద్యోగం అక్క చేతి అన్నంలాంటిదే అనుకుని చేశాను.

బావకు వ్యాపారం బాగా తెలుసు, కంప్యూటర్లే తెలియవు. అందులో తప్పేమీ లేదు, సినిమా హాలు ఓనరుకు సినిమా తీయడం రావాలని ఎక్కడుంది. నేను చేరకముందే ఆయన ఎవరినో పిలిపించి, ఒకే సీడీతో హాల్లోని కంప్యూటర్లన్నిటికీ విండోస్ ఎక్కించాడు. దేనికీ లైసెన్సు లేదు. అప్పట్లో ఆ బజారంతా అదే తీరు గనక ఎవరికీ అది దొంగసొత్తులాగా అనిపించేది కాదు. నాకు మాత్రం ఒక పత్రికతో వచ్చిన సీడీ వల్ల లినక్స్ పరిచయమై, ఉచితంగా దొరికే ఈ సిస్టమ్‌ను పిల్లలకు నేర్పుదాం బావా అని పోరేవాణ్ణి. ఆయన వినీ విననట్టు ఫీజు రసీదులు రాసుకుంటూ ఉండేవాడు.

అటువంటి మనిషి ఒకరోజు తనంతట తానే, "బామ్మర్దీ, నువ్వు పొగుడుతుంటవ్ సూడు, ఆ ఫుకట్ సిస్టమ్, అది అన్నిట్ల ఎక్కియ్యి" అన్నాడు. నా సంతోషం ఏమని చెప్పను. ఇప్పటిలాగా నాలుగు బటన్లు నొక్కితే అయ్యే పని కాదది, విండోస్‌ను ఒక పక్కకు జరిపి, హార్డ్‌డిస్క్‌లో చోటు చేసి, ఎక్కడ ఒక అంకె తప్పు పడితే పిల్లలు దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందోనని ఊపిరి బిగబట్టి చేసేవాణ్ణి. మొదటి కంప్యూటర్ తిరిగి ఆన్ అయి, నల్లటి తెర మీద రెండు సిస్టమ్‌ల పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడు హాల్లో ఉన్న పిల్లలంతా చుట్టూ మూగారు. కొద్దిరోజులకు అందులో తెలుగు అక్షరాలు కూడా కనిపించేట్టు చేశాను. డిగ్రీ చదివే అమ్మాయిలు కొందరు క్లాసు అయిపోయినా పోకుండా కూర్చుని దాన్ని నేర్చుకుంటుంటే, ఇక నా జీవితం ఈ దారిన పడిందనుకున్నాను.

అసలు సంగతి నెల తిరక్కుండానే తెలిసింది. హిమాయత్‌నగర్ వైపు లైసెన్సుల తనిఖీలు జరుగుతున్నాయని బావ చెవిన పడిందట. తనిఖీవాళ్ళు వస్తే చూపించడానికి ఆయనకు ఒక తెర కావలసివచ్చింది, ఆ తెర నా లినక్స్. ఆన్ చేయగానే అదొక్కటే కనిపించాలని, విండోస్ పేరు జర దాచిపెట్టమని అన్నాడు. దాచడమెందుకు, అది పూర్తిగా తీసేసి దీన్నే నేర్పుదామన్నాను. "దీని కోసం ఎవడొస్తడు బామ్మర్దీ? పిల్లలకు నౌకరీ దొరికేది గా దాంట్లనే" అని నవ్వాడు. ఆయన మాట కాదనే అలవాటు నాకు లేదు. అన్నిటిలో విండోస్ పేరు తెర మీదికి రాకుండా చేసి, ఏ మీట నొక్కితే అది తెరుచుకుంటుందో పిల్లలకు చెప్పాను.

తనిఖీవాళ్ళు చెప్పిరాలేదు. టైపింగ్ బ్యాచ్ నడుస్తుండగా పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. అప్పటికి ప్రతి తెర మీదా విండోసే వెలుగుతున్నది, ఇక ఏం దాచినా ఏం లాభం. వాళ్ళలో ఒకాయన ఒక కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసి, విండోస్ పేరు రాకపోయేసరికి, ఇది ఎవరు దాచారని అడిగాడు. నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూడలేదు.

"మా బామ్మర్దే సార్. అన్నీ ఆయననే ఎక్కిచ్చిండు. నాకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుస్తది, ఫీజులు సూసుకునేటోణ్ణి" అన్నాడు.

ఆ మాటల్లో సగం నిజమే, లినక్స్ ఎక్కించిందీ పేరు దాచిందీ నేనే. పిల్లలు చూస్తుండగా నన్ను మెట్లు దింపి స్టేషన్‌కు తీసుకుపోయారు. బల్ల మీద కూర్చుని, బావ ఏదో ఉపాయంతో అలా అని ఉంటాడు, వచ్చి అసలు సంగతి చెబుతాడు అని ఎదురుచూశాను. వచ్చింది అక్క.

నా పక్కనే కూర్చుని, కొంగుతో నా మొహం తుడిచి, నెమ్మదిగా చెప్పింది. "తమ్మీ, నువ్వు ఒంటిగానివి, నీకేమైతది. ఆయన మీదికొస్తే ఇన్‌స్టిట్యూట్ మూతవడ్తది, పిల్లతోని నేను రోడ్డు మీద పడ్త. గీ ఒక్కపారి నీ మీదేస్కో. నాల్గు దినాలైనంక ఆయననే నిన్ను పిల్చుకుంటడు." నేను తలూపాను. పెంచిన చేయి అడిగినప్పుడు తలూపక ఏం చేస్తాను.

బావ వకీలును పెట్టి కేసు రాజీ చేయించాడు, కొత్త లైసెన్సులు కొన్నాడు, ఇన్‌స్టిట్యూట్ మళ్ళీ తెరిచాడు. నన్ను మాత్రం పిలవలేదు. నేనే వెళ్తే, పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని కొన్నాళ్ళు ఆగమన్నాడు. నా కుర్చీలో అప్పటికే ఇంకొకాయన పాఠం చెబుతున్నాడు. వేరే ఇన్‌స్టిట్యూట్‌ల వాళ్ళు నా పేరు వినగానే మర్యాదగా తర్వాత కబురు చేస్తామనేవాళ్ళు. రాంనగర్‌లో దాదాపు ఖాయమైన సంబంధం, స్టేషన్ దాకా పోయినోడట అన్న ఒక్క మాటతో తప్పిపోయింది. ఇంకొక సంబంధం చూడమని అడిగే పెద్దవాళ్ళు నాకెవరూ లేరు. చివరకు అంబర్‌పేట్‌లో ఒక సిమెంటు దుకాణంలో బిల్లులు కొట్టే పని దొరికింది, నా వయసంతా అక్కడే ఒడిసిపోయింది.

మేనకోడలి పని గంటలోపే అయిపోయింది. రెండు పేర్లూ తెర మీదికి రాగానే, "గింతేనా" అని నవ్వి, చాయ్ తాగి వెళ్ళింది. ఆ పిల్లకు చెప్పాలా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. చెబితే ఏమొస్తుంది, తండ్రి మీద దానికున్న గౌరవం పోతుంది, నాకు పోయినదేదీ తిరిగి రాదు.

ఆ మేడ మీద ఇప్పుడు ఉద్యోగ పరీక్షల కోచింగ్ నడుస్తున్నది. లినక్స్ నేర్చుకున్నవాళ్ళను కంపెనీలు పిలిచి మరీ తీసుకుంటున్నాయట. అక్క మాత్రం ఏటా రాఖీకి వస్తుంది, నా గది ఊడుస్తుంది, మోకాళ్ళ నొప్పుల గురించి, బావ షుగరు గురించి చెబుతుంది. ఆ స్టేషన్ మాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. మొదట్లో ప్రతి ఏడూ, ఈసారైనా ఎత్తుతుందేమోనని ఆమె మొహం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు, ఎక్కడ ఎత్తుతుందోనని భయంగా ఉంటుంది. ఎత్తి ఏడిస్తే, ఏం కాదులే అక్కా అనాలి గదా, ఆ మాట అనడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.