గడ్డం కింద ఎండ

నా చిన్నప్పుడు మాకు తెలిసిన ఎత్తు ఏటిగట్టు ఒక్కటే. కొత్తపేట అవతల, గోదావరి పాయ ఒడ్డున ఉండేది మా ఊరు. గట్టెక్కి నిలబడితే ఇటు కొబ్బరితోటలు, అటు ఇసుకతిన్నెలు కనిపించేవి. అంతకుమించి ఎక్కడానికి ఏమీ ఉండేది కాదు. కొండలని వాచకంలో బొమ్మల్లో చూశాం, అంతే. ఎండ కూడా మాకు అంతంతమాత్రమే. ఇంటినుంచి బడికీ బడినుంచి ఇంటికీ కొబ్బరిచెట్ల నీడలోనే నడక. అలాంటి ఊరి పిల్ల కొండెక్కే పందేనికి పోయి పరువు ఎలా పోగొట్టుకుందో, దాన్ని మళ్లీ ఎలా తెచ్చుకుందో చెబుతాను.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు చిన్నప్పుడు నా ఒంటిరంగు చూసుకుని గర్వం. దబ్బపండు ఛాయ అని నలుగురూ అనేవారు, నేను విననట్టు నటిస్తూ వినేదాన్ని. మా తాతయ్య వేదం చెప్పుకున్న మనిషి, ఇలాంటివి పట్టించుకునేవారు కాదు. మా బామ్మకి మాత్రం నా రంగు ఇంటి ఆస్తి. పొద్దున్నే కూర్చోబెట్టి ఒంటికి కొబ్బరినూనె పట్టించేది. మా ఇంట్లో కొబ్బరినూనె చెయ్యని పని లేదు. తలనొప్పికి అదే, కాలిన చోట అదే, తలుపు కిర్రుమంటే అదే. కోనసీమలో పుట్టినవాళ్లకి ఇదేం వింతగా తోచదు లెండి.

డెబ్భైల చివర్లో మా బళ్లోకి డ్రిల్లు టీచరుగారు ఒకావిడ వచ్చారు. జిల్లాలోని బళ్ల పిల్లలందరికీ వేసవిలో మన్యంలో ఒక శిబిరం జరిగేది. రంపచోడవరం దాటాక ఒక బోడికొండ, దాన్ని ఆడపిల్లల జట్లు పోటీపడి ఎక్కాలి. జట్టుకి నలుగురు. నలుగురూ శిఖరం మీద నిలబడితేనే లెక్క, ఒక్కరు ఆగినా జట్టంతా ఆగినట్టే. "కోనసీమ పిల్లలు కొండెక్కకూడదని ఎక్కడైనా రాసుందాండీ?" అని హెడ్మాస్టరుగారితో వాదించి ఆవిడ మా బడి నుంచి కూడా ఒక జట్టుని తయారుచేశారు. కొండ లేదు గనక రోజూ సాయంత్రం ఏటిగట్టు ఎక్కించి దింపేవారు. గేదెల్ని తోలుకెళ్లేవాళ్లు ఆగి మరీ చూసి నవ్వుకునేవారు. ఆ నలుగురిలో నేనొకదాన్ని. అప్పుడు ఏడో తరగతి.

బయల్దేరే రోజున బామ్మ పాత మందుసీసా నిండా నూనె పోసి ఇచ్చింది. "మొహానికి బాగా పట్టించవే. నూనె ఉన్నచోటికి ఎండ రాదు" అంది. నాకు బామ్మ మాట వేదవాక్కు. మిగతా ముగ్గురూ నూనె జడకి రాసుకున్నారు. నేను మొహం, మెడ, చేతులు నిగనిగలాడేలా పూసుకుని కొండెక్కాను. తొమ్మిదింటికల్లా ఎండ చుర్రుమంది. సగం దారిలో ఒక పెద్ద తెల్లబండ ఉంది, పరుపులా పరుచుకుని ఉంటుంది. దాని మీదికి వచ్చేసరికి నా మొహం పెనం మీద పెట్టినట్టయింది. కళ్లు తిరిగి అక్కడే చతికిలబడ్డాను. నన్ను మోసుకుంటూ ముగ్గురూ కిందికి దిగాల్సొచ్చింది. కింద మెట్టప్రాంతం బడి పిల్లలు, అప్పటికే ఎక్కి దిగినవాళ్లు, నన్ను చూసి కిసుక్కుమన్నారు. "కోనసీమోళ్లు పిల్లని నూనెలో వేయించి తెచ్చేరే" అంది వాళ్లలో పొడుగుపిల్ల. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఇంటికొచ్చాక వారం రోజులు జ్వరం. మొహం కమిలి, పొక్కులెక్కి, ఉడికిన చేమదుంప తొక్క ఊడినట్టు ఊడింది. బామ్మ కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ ఆ నూనే రాసింది. "ఇంక కొండ మాట ఎత్తకు" అన్నారు మా నాన్నగారు. అదంతా ఓర్చుకోవచ్చు. బళ్లో ఆ ముగ్గురూ బల్ల మారిపోయారు, అది ఓర్చుకోలేకపోయాను. తిట్టలేదు, పోట్లాడలేదు, నాతో మాట్లాడడం మానేశారంతే. తప్పు నాదే అయినప్పుడు ఎదుటివాళ్లు తిట్టకపోతే మరీ కష్టం. నాకు కావలసింది ఒక్కటే. ఆ ముగ్గురితో కలిసి ఆ కొండ పైదాకా ఎక్కాలి. ఎనిమిదో తరగతి దాటినవాళ్లని పందెంలో చేర్చుకోరు. అంటే మిగిలింది ఇంకొక్క వేసవే.

ఏడాది గడిచింది. శివరాత్రి దాటగానే అరుగుమీద నాన్నగారి కాళ్లావేళ్లా పడడం మొదలుపెట్టాను. ఆయన ఊహూ అన్నారు. ఒకరోజు ఆ రభసంతా జరుగుతుండగా పుచ్చకాయలావిడ వచ్చింది. గోదావరి మధ్య లంకలో, వేసవికి నీరు తీసిన ఇసుకలో, ఆవిడా భర్తా పుచ్చపాదులు పెట్టేవారు. కాయల బుట్ట నెత్తిన పెట్టుకుని పడవ దాటి మా వీధికి వచ్చేది. కిందటేడు నా మొహం ఊడిపోతున్నప్పుడూ చూసింది. బుట్ట దించి, చెంగుతో చెమట తుడుచుకుని, "అమ్మాయిగారిని ఒక్కరోజు మా లంకకి పంపించండమ్మా. ఎండ సంగతి నేను చెప్తానండి" అంది.

బామ్మ ముక్కున వేలేసుకుంది. తగలబెట్టుకున్నది చాలక మళ్లీ ఇసుకలో పడేస్తావా అంది. అప్పటిదాకా కళ్లు మూసుకుని కూర్చున్న తాతయ్య నోరు విప్పారు. "వెళ్లనీ. ఎండలో బతికే మనిషిని అడక్కుండా, నీడపట్టున కూర్చుని మనమేం తేలుస్తాం?" అన్నారు. తాతయ్య ఇంట్లో ఏడాదికి రెండుసార్లు మాట్లాడేవారు. ఆ రెండుసార్లూ ఆయన మాటే చెల్లేది.

పడవెక్కి లంకలో దిగాక పుచ్చకాయలావిణ్ని మొదట గుర్తుపట్టలేదు. చీర మీద భర్త పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, మొహమంతా బూడిదరంగు మట్టి పూసుకుని ఉంది. అది ఒండ్రు. గోదావరి వరదకి తెచ్చి, నీరు తీశాక ఒడ్డున వదిలిపెట్టే మెత్తని మట్టి. ఆవిడ తడిచేత్తో చెంప మీద కొంచెం తుడిచి చూపించింది. పొద్దస్తమానం ఎండలో ఉండే ఆ మనిషి చెంప మా అమ్మ చెంపంత నున్నగా ఉంది.

"మీ నూనె తెచ్చుకున్నారాండీ?" అని అడిగింది. తెచ్చానన్నాను. ఎడంచేతికి నూనె రాసుకోమంది. కుడిచేతికి తనే ఒండ్రు పూసింది. ఇసుకలో తాటాకు గొడుగు పాతి, "మొహానికేం వద్దు. నీడలో కూర్చుంటారు కదా, మొహానికి ఎండ తగలదు కదండీ?" అంది. తగలదన్నాను, అదీ తెలీదా అన్నట్టు. "ఆయ్, అలాగే కూర్చోండి. చేతులు మాత్రం బయటికి చాపండి" అని నవ్వుకుంటూ పాదులకి నీళ్లు మొయ్యడానికి వెళ్లిపోయింది. మధ్యమధ్యలో వచ్చి పుచ్చకాయ ముక్క కోసి ఇచ్చేది, ఆరిన ఒండ్రు మీద మళ్లీ తడి ఒండ్రు పూసేది. అంతే తప్ప పాఠంలా ఒక్క ముక్క చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక నా చేతులు కడిగించింది. ఎడంచెయ్యి ఎర్రగా కమిలి మండుతోంది. కుడిచెయ్యి పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. నూనె గుట్టు అప్పుడు తెలిసింది. అయితే నేను ఉలిక్కిపడింది దానికి కాదు. ఆవిడ తడిచేత్తో నా గడ్డం కింద తాకింది, చుర్రుమంది. ముక్కు కిందా అంతే. పొద్దుటి నుంచీ నీడ దాటలేదు నేను! ఇదేం మాయో అర్థంకాక ఏడుపొచ్చింది.

"ఎండ పైనించే వస్తాదనుకున్నారా అమ్మాయిగారూ?" అంది ఆవిడ. "కిందనించీ లేస్తాదండి. తెల్లటి ఇసక తిప్పి కొడతాది. నెత్తికి గొడుగు అందరూ వేస్తారు. గడ్డం కింద ఎవరు చూసుకుంటారండీ?"

కొండమీది ఆ పరుపుబండ నా కళ్లముందు మెదిలింది. పైనుంచి సూర్యుడు, కిందనుంచి బండ, మధ్యలో నూనె పూసుకున్న నేను. వేగకుండా ఎలా ఉంటాను? ఏడుపు పోయి నవ్వొచ్చింది. ఆ సాయంత్రమంతా ఆవిడ నేర్పింది. ఒండ్రుని గుడ్డలో వడగట్టాలి, ఇసుక రేణువు మిగలకూడదు. ముందు గడ్డం కింద, చెవుల వెనక, ముక్కు కింద పూసి, ఆ తర్వాతే చెంపలకి రావాలి. చెమటకి కరిగితే బద్ధకించకుండా మళ్లీ పూయాలి. పొడుగుచేతుల చొక్కా వెయ్యాలి. తెల్లారకుండా పని మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి వచ్చేలోగా నీడకి చేరాలి.

ఇంటికి వెళ్లి రెండు చేతులూ చాపి బామ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ మడిలో ఉంది. దూరం నుంచే చూసింది, వంగి చూసింది. ఆఖరికి మడి మాట మరిచిపోయి రెండు చేతులూ పట్టుకుని దీపం దగ్గరికి లాక్కెళ్లింది. "అయితే నూనె తలకి, మట్టి మొహానికి అన్నమాట" అని గొణిగి, మళ్లీ స్నానానికి వెళ్లింది. బామ్మ ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బామ్మే ఒప్పుకున్నాక నాన్నగారు ఇంకేమంటారు? మర్నాడు బళ్లో ఆ ముగ్గురి బల్ల దగ్గరికి వెళ్లి, చేతులు చూపించి, జరిగిందంతా చెప్పాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఈసారీ దింపించావో, గోదాట్లో తోసేస్తాం" అంది అందరికంటే కోపంగా ఉన్న పిల్ల. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

పందెం రోజున నలుగురం నాన్నల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, మొహాల నిండా ఒండ్రు పూసుకుని వరసలో నిలబడ్డాం. చేతిలో ఒండ్రు డబ్బా. అందరూ విరగబడి నవ్వారు. "చవితి ఇంకా నాలుగు నెలలుందే, వినాయకులు అప్పుడే వచ్చేసేరు" అంది పోయినేటి ఆ పొడుగుపిల్లే. మా టీచరుగారికి కూడా నవ్వాగలేదు, అటు తిరిగారు. నేను మాత్రం తల వంచుకోలేదు. గడ్డం కింద కూడా పూసుకున్నాను మరి, ఎత్తుకునే నిలబడ్డాను.

ఎక్కడం మొదలుపెట్టాక ఆ పొడుగుపిల్ల జట్టువాళ్లు అందరికంటే ముందు వెళ్లిపోయారు. మెట్టపిల్లలు, కాళ్లలో బలం ఉంది. మేము ఆగి ఆగి పూసుకుంటూ వెళ్లాం. పరుపుబండ వచ్చింది. కింద నుంచి సెగ తగులుతోంది, తెలుస్తోంది. గోదాట్లో తోస్తానన్న పిల్ల నా చెయ్యి పట్టుకుంది. పది అడుగులు, ఇరవై అడుగులు... బండ దాటేశాం. మొహం చల్లగానే ఉంది.

దాని పైన ఒక రాతి నీడలో ఆ పొడుగుపిల్ల జట్టు కూలబడి ఉంది. ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయి, మిగతా జట్లన్నీ మా వెనకే ఉండిపోయాయి. మొహాలు కందగడ్డల్లా ఉన్నాయి. ఒకమ్మాయి ఏడుస్తోంది. నా కళ్లు డబ్బాలోకి వెళ్లాయి, సగముంది. నిజం చెప్పొద్దూ, ఇవ్వబుద్ధి కాలేదు. నూనెలో వేయించారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఏడ్చే పిల్లని చూస్తే కిందటేటి నేనే. మింగేసి, డబ్బా తెరిచి, "గడ్డం ఎత్తు" అన్నాను. గుప్పెడు ఒండ్రు వాళ్లకి ఇచ్చి, రాతి నీడలో కాసేపు కూర్చుని రమ్మని చెప్పి, మేం కదిలాం.

శిఖరం మీదికి మొదట చేరిన జట్టు మాదే. కోనసీమ జట్టు! నలుగురం గాలికి నిలబడి బడి జెండా పాతాం. ఎటు చూసినా కొండలే, ఏటిగట్టు కనిపించేంత దూరంలో లేదు గానీ, ఆ దిక్కుకి తిరిగి కేకలు పెట్టాం. కాసేపటికి ఆ పొడుగుపిల్ల జట్టు రెండోదిగా వచ్చింది, బూడిదరంగు మొహాలతో. దిగాక ఎవరు కోనసీమో ఎవరు మెట్టో పోల్చుకోలేక కింద మాస్టార్లు తికమకపడ్డారట.

ఊరికి తిరిగొచ్చాక బామ్మ నన్ను నూతి దగ్గర కూర్చోబెట్టి మొహం తనే కడిగింది. వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచి, తన సొంత వైద్యమన్నట్టు చూపించింది. నేను పందెంలో గెలిచినందుకు ఇచ్చిన కప్పు పట్టుకుని ఏటికి పరిగెత్తాను. పడవ దిగి, కాలే ఇసుకలో పాదుల మధ్యకి వెళ్లి, పుచ్చకాయలావిడ ముందు ఆ కప్పు పెట్టాను. ఆవిడ దానివైపు చూడనే లేదు. తడిచేతి వేలితో నా గడ్డం పైకెత్తింది. వంగి, కింద పరీక్షగా చూసింది. చెవుల వెనకా చూసింది. అప్పుడు తీరిగ్గా నవ్వింది.

"ఆయ్, గెలిచేరండి" అంది.

తర్వాత్తర్వాత నేనూ డ్రిల్లు టీచర్నయ్యాను. పిల్లల్ని మంచుకొండల దాకా తీసుకెళ్లాను. అక్కడ శిక్షణ ఇచ్చేవారు క్రీము పంచుతూ, మంచు మీద ఎండ కిందనుంచి కూడా కొడుతుందని కొత్త సంగతిలా చెబితే, నేను వింటూ నవ్వుకున్నాను. ఇప్పుడు జుట్టంతా నెరిసింది. మా మనవలు కొండలూ గుట్టలూ ఎక్కి ఫొటోలు, పతకాలు పట్టుకుని వస్తారు. అవి ముందుకి చాపుతుంటే నేను చూడను. ముందు గడ్డం పట్టుకుని పైకెత్తుతాను. వాళ్లు విసుక్కుంటారు. ఆ కింద ఎర్రదనం లేకపోతేనే, "ఆయ్, గెలిచేరండి" అంటాను.